ఓల్సెన్ల బల్ల

ఆరాధన ముగిసి తలుపు తీసేసరికి వరండాలో చెప్పులు లేవు.

ఒక జతా రెండు జతలా! ముప్పై ఎనిమిది మంది జనం, ముప్పై ఎనిమిది జతలు. మధ్యాహ్నం రెండింటికి లోపలికి వెళ్ళేటప్పుడు గోడవారగా విప్పినవి. పెద్దవాళ్ళ నల్ల బూట్లు, ఆడవాళ్ళ శాండల్స్, పిల్లల స్నీకర్లు, ఏవీ లేవు. వరండా ఊడ్చిపెట్టినట్టుంది. బయట అక్టోబరు వాన సన్నగా, చల్లగా పడుతోంది.

వసంతకుమారికి ముందు దొంగతనమే అనిపించింది. కానీ అమెరికాలో, షామ్‌బర్గ్ పక్కన, పట్టపగలు, పాలు తాగే పిల్లాడి బూటీలు ఎత్తుకుపోయే దొంగ ఎవడుంటాడు?

"నాయనా, నీ ఓల్సెన్లు యాడ పెట్టినావు?" అని తండ్రిని అడిగింది.

ఏసుపాదం మాస్టారు మేజోళ్ళతో గడప మీద నిలబడి ఉన్నాడు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. కూతురి దగ్గరికి వచ్చి ఏడాది దాటింది. "ఎప్పుడూ పెట్టే చోటే పెట్టా. ఆ బల్ల కిందే" అన్నాడు, గోడకి ఆనించి ఉన్న ఓకు బల్ల చూపిస్తూ.

ఆ బల్ల మోకాలికి కూడా అందనంత కింద ఉంటుంది. దాని మీద వరసగా పూలకుండీలు, కరపత్రాల పెట్టె. ఇంత కింద కుండీలు పెడితే వంగి నీళ్ళు పోసేవాళ్ళ నడుం ఏం కావాలని మాస్టారు మొదటి వారమే విసుక్కున్నాడు.

ఈలోగా ఆమోసు వానలోనే చర్చి చుట్టూ తిరిగి వచ్చాడు. ఆమోసు వసంతకుమారి భర్త, గుంటూరువాడు, మెషీన్ షాపులో పని. "దొరికినయ్యి. బేస్‌మెంట్ తలుపు దగ్గర అట్టపెట్టెల్లో పోసి పెట్టారు. అన్నీ తడిసి ముద్దయినయ్యి."

అప్పుడు కనిపించింది తలుపుకి అంటించిన కాగితం. వసంతకుమారి రెండుసార్లు చదివింది. తెలుగు గ్రూపు వచ్చే ఆదివారం నుంచి బేస్‌మెంట్‌లో కలుసుకోవాలి. పై హాలే కావాలనుకుంటే అందరూ పాదరక్షలతోనే లోపలికి రావాలి. ఆదివారం ఒంటిగంటకి సర్వసభ్య సమావేశంలో ఇది ఖాయం చేస్తారు. కింద వాల్టర్ బ్రున్స్ సంతకం.

ఆ బ్రున్స్ అక్కడే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, నిలువెత్తు విగ్రహం, తెలుగువాళ్ళకి హాలిచ్చిన ఆ అమెరికన్ చర్చికి ట్రస్టీల పెద్ద. ఆ చర్చికి పాస్టరు లేక ఆరునెలలైంది కాబట్టి ప్రస్తుతం ఆయన మాటే మాట.

"మిసెస్ ఆమోస్," అన్నాడు. వసంతకుమారి అనే పేరు ఆయన నోరు తిరగదు. "మీ మీద నాకు కోపమేమీ లేదు. ఈ చెప్పుల గుట్ట తట్టుకుని ఎవరైనా పడితే బాధ్యత మాది. అదీగాక ఇది చర్చి. నూట పాతికేళ్ళలో ఈ గుడిలోకి ఎవరూ మేజోళ్ళతో రాలేదు. ఇది మా పద్ధతి కాదు."

"చెప్పాల్సిన మాట మా మొహం మీద చెప్పొచ్చు కదా మిస్టర్ బ్రున్స్. చెప్పులు వానలో పారెయ్యడం ఏం పద్ధతి?"

"చూరు కింద పెట్టమన్నాను. గాలివాటం వాన," అన్నాడాయన. కాస్త ఇబ్బందిగానే అన్నాడు. కానీ కాగితం మాత్రం పీకలేదు.

వసంతకుమారికి ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషి తల్లి మిన్నా బ్రున్స్ ఉండే వృద్ధుల నర్సింగ్ హోములోనే ఆమె నర్సు. తొంభై ఆరేళ్ళ ఆ తల్లికి రోజూ పొద్దున్నే మేజోళ్ళు తొడిగేదీ, బూట్లు తొడిగేదీ ఈ చేతులే. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

మాస్టారు తడి కంకర మీద మేజోళ్ళతోనే నడిచాడు. అట్టపెట్టె దగ్గర వంగి, తన బూట్లు వెతికి, ఒకదాన్ని వంచాడు. నీళ్ళు కారాయి. రెండోది కూడా వంచి, రెండూ చేత్తో పట్టుకుని కారు దగ్గరికి నడిచాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆమోసు తేల్చేశాడు. "బూట్లేసుకునే పోదాం. పోయేదేముంది? వాళ్ళ గుడి, వాళ్ళ ఇష్టం. మన గ్రూపులో భాస్కర్ కూడా అదే అన్నాడు. ఆ బేస్‌మెంట్‌లో ఫర్నేసు మోతలో ప్రసంగం ఎవడికి వినపడిద్ది?"

"నాయన బూట్లతో గుడిలోకి రాడు," అంది వసంతకుమారి.

"రాను," అన్నాడు మాస్టారు. "మీరు పొండి. నేను వరండాలో నిలబడి వింటా. మండే పొద దగ్గర దేవుడు మోషేని ఏం విప్పమన్నాడో అదే విప్పుతుండా నేను. ఈ వయసులో మార్చుకోలేను తల్లీ."

"మావయ్యగారూ, ఇల్లినాయిలో చలికాలం వరండాలో నిలబడితే మీరు ప్రసంగం కాదు, పరలోకమే వింటారు."

మాస్టారు నవ్వలేదు. వసంతకుమారికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఆ పై హాలు అడిగి తెచ్చింది ఆమే. తెల్లటి చెక్క గోడలు, నున్నటి నేల, కిటికీల్లోంచి పడే ఎండ చూసి మొదటి ఆదివారం మణి అనే అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది, అమెరికా వచ్చిన మూడేళ్ళకి గుడిలో కూర్చున్నట్టుందని. ఇప్పుడు తండ్రిని బయట నిలబెట్టి తాము లోపల కూర్చోవాలా, లేక తండ్రి కోసం ముప్పై ఎనిమిది మందినీ నేలమాళిగలోకి దించాలా?

"నీ ఓల్సెన్లు ఎండబెట్టావా?" అని మాస్టారు కూతుర్ని అడిగాడు.

"చెప్పులు అనరాదూ?" అన్నాడు ఆమోసు అలవాటు చొప్పున. పెళ్ళయిన పద్నాలుగేళ్ళనుంచీ ఆ మాట మీద వేళాకోళమే. "ఓల్సెన్లంట! నెల్లూరు జిల్లాలో మీ మిషను కాంపౌండు వాళ్ళు తప్ప ఆ మాట అనేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళా."

"అది మా ఇంటి మాట. మీకెందుకు?" అంది వసంతకుమారి. రోజూ అనే జవాబే.

మంగళవారం డ్యూటీ దిగాక, పై హాలు తాళంచెవి తిరిగి ఇచ్చెయ్యమంటే చర్చి ఆఫీసుకి వెళ్ళింది. మాస్టారు కూడా వచ్చాడు. కారులో కూర్చోమంటే వినలేదు.

చర్చి ఉన్న చోటుకి హైడెన్‌డార్ఫ్ అని పేరేగానీ ఊరంటూ ఇప్పుడేమీ లేదు. జర్మనీ నుంచి పాతిక కుటుంబాలు వచ్చి మొక్కజొన్న వేసిన నేలంతా అపార్ట్‌మెంట్లూ, పార్కింగ్ లాట్లూ అయిపోయింది. మిగిలింది ఈ గుడి, వెనక జర్మను పేర్ల సమాధులు, ఎదురుగా ఒక గ్యాస్ స్టేషను. చర్చి పుట్టి నూట పాతికేళ్ళయిందని ఈ నెలాఖరున పండగ చేస్తున్నారు. చరిత్ర పుస్తకం కూడా వేస్తున్నారు. వేసే పని ఆఫీసు చూసే డోరతి నెత్తిన పడింది.

డోరతి బల్ల మీద తోలు అట్ట పుస్తకం ఒకటి తెరిచి, రెండు చేతుల్తో తల పట్టుకుని కూర్చుంది. "ఇదంతా ఇందులోనే ఉంది. ఎవరొచ్చారు, ఎవరు పోయారు, ఏ తీర్మానం ఎప్పుడు చేశారు, అంతా. ఒక్క అక్షరం తెలియదు నాకు. కాలేజీ ప్రొఫెసర్‌కి పంపిస్తే అచ్చు జర్మన్ అయితే చదువుతాను గానీ ఈ పాత చేతిరాత నా వల్ల కాదని వెనక్కి పంపాడు."

మాస్టారు బల్లకి ఇవతల నిలబడి ఆ పేజీ వంకే చూస్తున్నాడు. కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకున్నాడు. తర్వాత పెదాలు కదిలాయి. తర్వాత గొంతు లేచింది. గరగరలాడే గొంతుతో, తడుముకుంటూ, జర్మన్‌లో ఒక వాక్యం చదివాడు. ఇంకోటి చదివాడు.

డోరతి నోరు తెరిచింది.

"ఆడపిల్ల. పేరు మరియా. బాప్తిస్మం, ఈస్టరు తర్వాతి మూడో ఆదివారం," అని మాస్టారు కూతురికి తెలుగులో చెప్పాడు. ఆమె ఇంగ్లీషులో చెప్పింది.

డోరతి కుర్చీలోంచి లేచి, పుస్తకం ఆయన వైపుకి తిప్పి పెట్టింది. మాస్టారు ఇబ్బందిగా మొహం చిట్లించాడు. వేలు పెట్టి వెతికాడు. ఒక్క మాటా రాలేదు. పరువు పోయిందిరా దేవుడా అనుకుంది వసంతకుమారి.

మాస్టారు పుస్తకాన్ని మళ్ళీ తలకిందులుగా తిప్పేసుకున్నాడు. వెంటనే గడగడా చదివాడు.

"ఇట్నే వస్తది నాకు," అన్నాడు కాస్త సిగ్గుగా. "మా నాయన మిషను కాంపౌండులో జర్మను దొరకి రైటరు. మొదటి యుద్ధంలో దొరల్ని పట్టుకపోయినా ఆయన రాస్తానే ఉన్నాడు. రిజిస్టరు రాస్తా ఉంటే ఎదురుగా కూర్చోని సిరాబుడ్డి పట్టుకునేవాణ్ణి. అక్షరాలు నాకు అవతలి వైపు నుంచే వచ్చినాయి. పెద్దైనాక, చెదలు పట్టిన రిజిస్టర్లన్నీ నేనే తిరగరాసినా."

ఆ మాటలు ఇంగ్లీషులో విని డోరతి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తాళంచెవి సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

బుధవారం మాస్టారు పొద్దున్నే తయారు. ఆమోసు పనికి పోతూ దింపాడు. ఆయన పద్ధతి ఆయనది. ముందు చదవలేదు, సూచిక వేశాడు. పుస్తకం మొదటినుంచి చివరిదాకా పేజీ పేజీ తిప్పి, తీర్మానాల నంబర్లు, తారీకులు, ఒక్కో ముక్కలో విషయం పసుపుపచ్చ కాగితాల మీద గీతలు గీసి రాసుకున్నాడు. కలిసిపోయినట్టుండే గీతల్లో నకారానికీ ఉకారానికీ తేడా చూపించేది ఉకారం మీద పెట్టిన చిన్న గిన్నెలాంటి గుర్తు ఒక్కటే. ఆ గిన్నె కోసం భూతద్దం పెట్టి వెతికేవాడు. మూడున్నరకి వసంతకుమారి యూనిఫాంతోనే వచ్చి ఎదురుగా కూర్చుంటే, ఆయన తెలుగులో చెప్పడం, ఆమె ఇంగ్లీషులో చెప్పడం, డోరతి టైపు కొట్టడం.

ఆ పేజీల్లోంచి పాత ఊరు మెల్లగా లేచి వచ్చింది. కలరాలో ఒక్క వారంలో పోయిన తొమ్మిది మంది. గంట కొనడానికి పందుల్ని అమ్మిన విధవరాలు. ఆడవాళ్ళు ఎడమ వైపు కూర్చోవాలా కుడి వైపా అని రెండేళ్ళు సాగిన తగాదా.

"మనోళ్ళే!" అన్నాడు మాస్టారు ఆ తగాదా దగ్గర.

ఐదు గంటలకి బ్రున్స్ వచ్చాడు. తలుపులోనే ఆగిపోయాడు. "మా పుస్తకం ఆయన చేతిలో ఎందుకుంది? అదీ తలకిందులుగా?"

డోరతి చెప్పబోతుంటే మాస్టారు చెయ్యి ఎత్తి ఆపాడు. కాగితాల్లో చూసి, పేజీ తిప్పి చదివాడు. వసంతకుమారి అనువదించింది. "హెన్రిక్ బ్రున్స్ తన కుక్కని ప్రసంగం జరిగేటప్పుడు గుడిలోకి తెచ్చినందుకు పెద్దలు మందలించారు. కుక్క పెద్దలకన్నా బాగా విన్నదని హెన్రిక్ జవాబు."

బ్రున్స్ మొహం ఎర్రబడింది. తర్వాత పగలబడి నవ్వాడు. "మా ముత్తాత! అలాగే అని ఉంటాడు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆరున్నరదాకా కదల్లేదు. వసంతకుమారికి ఆశ చిగురించింది.

గురువారం నాలుగున్నరకి, బ్రున్స్ కూడా వచ్చి కూర్చున్నాక, మాస్టారు తీర్మానం నలభై ఒకటి తెరిచాడు. పద్దెనిమిది వందల అరవై ఆరు, నవంబరు.

చదువుతూ చదువుతూ ఆగాడు. భూతద్దం దగ్గరికి జరిపాడు. ఇంకోసారి చదివాడు. తర్వాత తల ఎత్తి కూతుర్ని చూసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఏంది నాయనా?"

"రాసుకో. గుడి నేల ప్రభువుది. పశువుల కొట్టంలో పేడ దాని మీదకి రాకూడదు. కాబట్టి వరండాలో గోడవారగా, పిల్లల చెయ్యి కూడా అందేటంత కింద, ఓకు బల్ల ఒకటి కొట్టవలెను. ఓల్సెన్లతో వచ్చినోళ్ళు వాటిని ఆ బల్ల మీద పెట్టి మేజోళ్ళతో లోపలికి రావలెను. బల్ల కొట్టేది హెన్రిక్ బ్రున్స్."

వసంతకుమారి పెన్ను ఆగిపోయింది. "ఓల్సెన్లు అని నువ్వంటుండావా, ఆయన రాశాడా?"

"ఆయనే రాశాడమ్మా. హోల్షెన్. మా దొరది కూడా వీళ్ళ సీమే. చెక్కతో చేసిన పావుకోళ్ళు. దొర వరండాలో విప్పి లోపలికి వచ్చేవాడంట. కాంపౌండులో అందరికీ చెప్పులంటే అదే మాటైపోయింది."

వసంతకుమారి ఆ పేజీ వంక చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ తన తెలుగే అనుకున్న మాట! మిగతా ఇద్దరికీ ఇంగ్లీషులో చెప్పింది. డోరతి టైపు ఆపేసి వరండా వైపు చూసింది.

బ్రున్స్ మాత్రం నవ్వలేదు. "ఆ బల్ల పాటల పుస్తకాలది. డెబ్బై ఐదేళ్ళ పండగకి మా నాన్న రాసిన పుస్తకంలోనే ఉంది."

డోరతి జర్మన్ నిఘంటువు తీసి వెతికింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆ మాట లేదు.

"లేదు కదా," అన్నాడు బ్రున్స్ నెమ్మదిగా. "గీతలు చూస్తే ఏ అక్షరం ఏదో ఎవరూ చెప్పలేరు. మిసెస్ ఆమోస్, ఆదివారం మీటింగు పెట్టుకుని, గురువారం మీ నాన్నగారికి కావలసిందే ఈ పుస్తకంలో దొరకడం విచిత్రంగా లేదూ?"

వసంతకుమారి ఆ మాట తర్జుమా చెయ్యలేదు. చెయ్యనక్కర్లేకపోయింది. మాస్టారు భూతద్దాన్ని జేబురుమాలుతో తుడిచి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కాగితాలు సరిచేసి డోరతి ముందుకి తోశాడు.

"పద తల్లీ," అన్నాడు.

దారిలో రెడ్ లైట్ దగ్గర కారు ఆగినప్పుడు వసంతకుమారి అడగకూడని మాట అడిగింది. "నాయనా, నిజంగా అట్నే ఉండాదా? నువ్వేమన్నా... పొరపాటున..."

మాస్టారు కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. "అరవై ఏళ్ళు రిజిస్టర్లు రాశా," అన్నాడు. "చచ్చినోడి పేరు కూడా ఒక్క అక్షరం మార్చలా."

ఆ మాటకి ఆమె ప్రాణం చివుక్కుమంది. లైటు పచ్చ పడింది, వెనకవాళ్ళు హారన్ కొట్టారు. శుక్రవారమంతా తండ్రి మామూలుగానే ఉన్నాడు, అన్నం తిన్నాడు, బైబిలు చదువుకున్నాడు. కూతురి మొహం మాత్రం చూడలేదు.

శనివారం పొద్దున్న పదింటికి వసంతకుమారి మిన్నా బ్రున్స్ గదిలో ఉంది. ముసలామెకి అల్పాహారం అయింది, మళ్ళీ పడుకుంటానని మంచం వైపు జరుగుతోంది. మాట్లాడి మూడు నెలలైంది. చేత్తో చూపించడమే. బూట్లతోనే కాళ్ళు మంచం మీద పెట్టబోయింది.

వసంతకుమారికి నిద్రలేదు, చిరాగ్గా ఉంది. ఇంట్లో నోటికి వచ్చే మాటే ఇక్కడా వచ్చేసింది. "ఉండు తల్లీ, ముందు ఓల్సెన్లు విప్పనీ."

మిన్నా ఆగిపోయింది. మెడ తిప్పి నర్సు మొహంలోకి చూసింది. ఆ నీలం కళ్ళు అంత తేటగా ఉండడం వసంతకుమారి ఎన్నడూ చూడలేదు.

"హోల్షెన్," అంది ముసలామె.

బూట్ల మీదకి వంగిన వసంతకుమారి తల ఎత్తింది.

"హోల్షెన్ బూటన్!" అంది మిన్నా ఇంకా గట్టిగా, పిల్లల్ని గదమాయిస్తున్నట్టు. ఒక కాలి మడమని రెండో కాలి బొటనవేలితో తొక్కిపట్టి బూటు ఊడదీసింది. రెండోదీ అంతే. తర్వాత మంచం మీంచి వంగి, పక్కకి, బాగా కిందకి చెయ్యి చాపి, అక్కడ లేని బల్ల మీద ఒక జత పెట్టింది. పెట్టి, మడమలు గోడ వైపుకి సర్దింది.

"బూట్లా? బూట్లే కదమ్మా, విప్పేశావు," అంది వసంతకుమారి, ఏం చెప్పాలో తెలియక.

"బూట్లు కాదు." ఆ గొంతు తలుపు దగ్గర్నుంచి వచ్చింది. వాల్టర్ బ్రున్స్ చేతిలో టోపీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. శనివారం తల్లిని చూడడానికి వచ్చే వేళ. "బూటన్ అంటే బయట. మా అమ్మమ్మ కుక్కని తరిమేటప్పుడు అనేది. మొదటి యుద్ధం రోజుల్లోనే నాన్న ఇంట్లో మా పల్లె జర్మన్ మానిపించేశాడు. నాకు గుర్తున్న మాట అదొక్కటే."

తల్లి మంచం దాకా వచ్చాడు.

"ఆమెకి మీరేమైనా నేర్పారా?" అన్నాడు.

అప్పుడు వచ్చింది వసంతకుమారికి కోపం, వారంనుంచీ మింగినదంతా కలిపి. "మూడు నెలలనుంచి మంచినీళ్ళు కావాలని కూడా అడగని మనిషికి నేను జర్మన్ నేర్పానా మిస్టర్ బ్రున్స్? నాకు జర్మన్ వచ్చా? నేనన్నది తెలుగు! మా అమ్మ నాకు నేర్పిన తెలుగు! మా నాన్నని మీరు అబద్ధాలకోరు అన్నారు. మీ మాట విని నేను కూడా ఆయన్ని అనుమానించాను. మీకన్నా పాపం నాది."

వసంతకుమారి మిన్నా బూట్లు తీసి పక్కన పెట్టి, దుప్పటి కప్పి, బయటికి వచ్చేసింది. బ్రున్స్ తల్లి మంచం పక్కన కూర్చుని, ఆ మాట ఒకసారి తనూ అని చూడడం వరండాలోకి వినిపించింది. "హోల్షెన్," అన్నాడు. తల్లి దిద్దింది. మళ్ళీ అన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే వసంతకుమారి యూనిఫాం కూడా మార్చుకోకుండా తండ్రి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. "నన్ను క్షమించు నాయనా," అంది.

మాస్టారు ఆమె తల మీద చెయ్యి వేశాడు. "మడమలు గోడ వైపు పెట్టిందా?" అని అడిగాడు.

"అవును."

"దొర కూడా అట్నే పెట్టేవాడంట. మా నాయన చెప్పినాడు."

ఆదివారం ఒంటిగంటకి ఐదు నిమిషాల ముందు ముగ్గురూ వెళ్ళారు. వాన లేదు. ఏమవుతుందో వసంతకుమారికి తెలియదు. బ్రున్స్ ఫోను చెయ్యలేదు, డోరతీ చెయ్యలేదు. ఎలాగైనా తండ్రిని వరండాలో నిలబెట్టేది లేదని మాత్రం గట్టిగా అనుకుని వచ్చింది.

తలుపు మీద కాగితం లేదు. నాలుగు మూలలా అంటించిన జిగురు మచ్చలున్నాయి.

వరండాలో పూలకుండీలు లేవు. బల్లని ఎవరో సబ్బు పెట్టి తోమారు. ఓకు చెక్క తేనెరంగులో బయటపడింది. దాని మీద రెండే జతలు. ఒకటి మిన్నా బ్రున్స్ తెల్లటి చిన్న బూట్లు, వసంతకుమారి రోజూ తొడిగేవి. రెండోది మగవాళ్ళ బ్రౌన్ బూట్లు, పడవలంత. రెండింటి మడమలూ గోడ వైపే.

ఆమోసు నోట మాట రాలేదు. మాస్టారు గోడ పట్టుకుని వంగి, బూట్లు విప్పి, ఆ బ్రౌన్ బూట్ల పక్కన తనవి పెట్టాడు.

లోపల డెబ్బై మంది దాకా ఉన్నారు. మిన్నా చక్రాల కుర్చీలో ముందు వరసలో ఉంది, ఒళ్ళో శాలువా. బ్రున్స్ బలిపీఠం ముందు నిలబడి ఉన్నాడు. బూడిదరంగు మేజోళ్ళు, ఎడమ కాలి బొటనవేలి దగ్గర చిల్లు.

ఆయన డోరతి టైపు చేసిన కాగితం తీసి, తీర్మానం నలభై ఒకటి చదివాడు. గుడి నేల ప్రభువుది అన్న దగ్గర ఆగి, మళ్ళీ చదివాడు. ముత్తాత పేరు దగ్గర తల ఎత్తి తల్లి వైపు చూశాడు. తర్వాత కాగితం మడిచి వెనక వరసకేసి చూశాడు.

"ఈ పుస్తకం మొదటినుంచి చివరిదాకా చూసిన మనిషి ఈ గదిలో ఒక్కరే ఉన్నారు. ఆయన్ని గురువారం నేను అవమానించాను. అందరి ముందూ క్షమాపణ అడుగుతున్నాను. మాస్టర్ ఏసుపాదం, ఒక ప్రశ్న. ఈ తీర్మానాన్ని ఆ తర్వాత ఎవరైనా కొట్టేశారా?"

పేరు పూర్తిగా పలికాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, ఎన్నిసార్లు అని చూసుకున్నాడో!

మాస్టారు లేచి నిలబడ్డాడు. ఇంగ్లీషులోనే, బళ్ళో హాజరు పిలిచినంత స్పష్టంగా చెప్పాడు. "లేదు సార్. రెండు వందల పన్నెండు తీర్మానాలు చూశాను. పాటల పుస్తకాల బల్ల అని ఎక్కడా లేదు. నలభై ఒకటిని రద్దు చేసిన తీర్మానం కూడా లేదు. అది ఇంకా అమల్లోనే ఉంది."

"అయితే," అన్నాడు బ్రున్స్, "ఈ గుడి నియమం తప్పింది తెలుగువాళ్ళు కాదు. మనం."

వెనకెక్కడో ఒకాయన ఫక్కున నవ్వాడు. ఒక ముసలామె, "నా మేజోళ్ళు కూడా చిరిగాయి వాల్టర్," అంది. అప్పుడు అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే బూటు లేసులు విప్పుతున్న చప్పుడు మొదలైంది. ఒకరొకరే లేచి, బూట్లు చేత్తో పట్టుకుని, వరండాలోకి వెళ్ళి రావడం మొదలెట్టారు. బేస్‌మెంట్ సంగతి ఓటుకి పెట్టమని ఎవరూ అడగలేదు. మాస్టారు కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. వసంతకుమారి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

రెండింటికి తెలుగువాళ్ళు రావడం మొదలైంది. ఏడాది పిల్లాణ్ణి చంకనేసుకున్న మణి, వెనక భాస్కర్, గుంటూరు కుటుంబాలన్నీ. భయంభయంగా, బూట్లు విప్పాలో అక్కర్లేదో తెలియక మెట్ల కిందే ఆగిపోయారు. వరండాలో బల్ల నిండిపోయి ఉంది. ఒక్క జతకి చోటు లేదు, అన్నీ అమెరికా బూట్లే.

ఎదుటి గోడ దగ్గర బ్రున్స్ మోకాళ్ళ మీద కూర్చుని టేపుతో కొలుస్తున్నాడు. రెండో బల్ల తనే కొడతానన్నాడు, తన షెడ్డులో ఓకు చెక్క ఉందిట. టేపు రెండో కొస మాస్టారి చేతిలో ఉంది.

"కిందకి," అన్నాడు మాస్టారు తెలుగులో, చేత్తో చూపిస్తూ. "ఇంకాస్త కిందకి. పిల్లల చెయ్యి అందాల."

బ్రున్స్ పెన్సిలుతో గోడ మీద గీత గీశాడు.

ఆమోసు మెట్ల మీదకి వచ్చి, కింద నిలబడ్డ జనాన్ని చూశాడు. పద్నాలుగేళ్ళనుంచీ పెళ్ళాన్ని ఏడిపించిన మనిషి, గుంటూరు గొంతుతో, రోడ్డవతల గ్యాస్ స్టేషను దాకా వినపడేట్టు అరిచాడు.

"ఏందట్టా నిలబడ్డారు? రండి, రండి! ఓల్సెన్లు ఈ గోడ వారన విప్పండి!"

వాళ్ళెవరికీ అర్థం కాలేదు, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బ్రున్స్ మాత్రం తల ఎత్తకుండానే పక్కకి జరిగి, వాళ్ళ చెప్పులకి చోటిచ్చాడు.